సెకనుకు 10 టిక్కులు.. రోలెక్స్ కొత్త మెషిన్‌పై వాచీ ప్రియుల్లో ఎందుకింత రచ్చ?

టైమ్ చూసుకోవడానికి ఇప్పుడు వాచీ అక్కర్లేదు. జేబులో ఫోన్ ఉంటే చాలు. అయినా సరే, 2025 ఏప్రిల్ 1న జెనీవాలో రోలెక్స్ ఓ కొత్త వాచీని బయటపెట్టగానే ప్రపంచవ్యాప్తంగా వాచీ పిచ్చోళ్లు రెండు వర్గాలుగా చీలిపోయారు. "ఇన్నేళ్లకు రోలెక్స్ అసలైన పని చేసింది" అని కొందరంటే, "దీనికోసమా ఇంత హడావుడి" అని ఇంకొందరు పెదవి విరిచారు. విచిత్రం ఏంటంటే.. ఈ గొడవలో సగం కంటికి కనిపించే డయల్ గురించి, చైన్ గురించి. మిగతా సగం మాత్రం లోపల తిరిగే, గోరంత కూడా లేని రెండు పళ్ల చక్రాల గురించి.

ఆ వాచీ పేరు ల్యాండ్-డ్వెల్లర్. లోపలున్న మెషిన్ పేరు క్యాలిబర్ 7135. ఆ మెషిన్‌లో ఉన్న కొత్త ఏర్పాటుకి కంపెనీ పెట్టిన పేరు డైనాపల్స్. ఇంతకీ ఇందులో అంత కొత్త ఏముంది? లక్షలు పోసి కొనేవాళ్లు దీన్ని చూసి ఎందుకు మురిసిపోతున్నారు, ఎందుకు భయపడుతున్నారు? వివరంగా చూద్దాం.

అసలు టిక్ టిక్ ఎక్కడి నుంచి వస్తుంది?

మన ఇళ్లలో ఒకప్పుడు హెచ్ఎంటీ వాచీ ఉండేది. బెంగళూరులో 1961లో జపాన్‌ సిటిజన్ కంపెనీ సహకారంతో మొదలైన ఫ్యాక్టరీ అది. తాతయ్యలు రోజూ పొద్దున్నే ఒకే టైమ్‌కి దానికి కీ ఇచ్చేవాళ్లు. అలా కీ తిప్పినప్పుడు లోపల ఓ స్ప్రింగ్ చుట్టుకుంటుంది. సెల్ లేని వాచీకి అదే ఇంధనం. రోలెక్స్‌లో అయినా అంతే. కాకపోతే చేతికి పెట్టుకుని తిరుగుతుంటే లోపలి బరువు తిరిగి స్ప్రింగ్ దానంతట అదే చుట్టుకుంటుంది.

ఇక్కడే అసలు చిక్కు. చుట్టిన స్ప్రింగ్‌ని వదిలేస్తే ఏమవుతుంది? కొద్ది సెకన్లలోనే బర్రున తిరిగేసి ఖాళీ అయిపోతుంది. దాన్ని ఆపి, కొంచెం కొంచెంగా, లెక్కగా వదలాలి. తిరుమలలో కంపార్ట్‌మెంట్ గేటు తీసి కొందర్ని వదిలి, మళ్లీ గేటు వేస్తారు చూడండి. అచ్చం అలాంటి గేటు ఒకటి వాచీలో ఉంటుంది. దాన్నే ఎస్కేప్‌మెంట్ అంటారు. ఆ గేటు పడిన ప్రతిసారీ వచ్చే చప్పుడే మనకు వినిపించే టిక్.

ఈ గేటుకి ఇంకో పని కూడా ఉంది. వాచీలో అటూ ఇటూ ఊగే ఓ చిన్న చక్రం ఉంటుంది, బ్యాలెన్స్ వీల్ అంటారు. టైమ్ లెక్కపెట్టేది అదే. ఉయ్యాల మీద పిల్లాణ్ని కూర్చోబెట్టి వదిలేస్తే కాసేపటికి ఆగిపోతాడు కదా. ఆగకుండా ఉండాలంటే సరైన సమయంలో చిన్నగా తోస్తూ ఉండాలి. గట్టిగా తోసినా, ఆలస్యంగా తోసినా ఊపు చెడుతుంది. బ్యాలెన్స్ వీల్‌కి ఆ తోపు ఇచ్చేది కూడా ఎస్కేప్‌మెంటే. రోజుకి లక్షల సార్లు, ఏళ్ల తరబడి, ఒక్కసారి కూడా తప్పకుండా.

అందుకే వాచీ తయారీలో అతి కష్టమైన భాగం ఇదే అంటారు. కంపెనీలు డయల్ రంగు ఏటా మారుస్తాయి. ఎస్కేప్‌మెంట్ మార్చడానికి మాత్రం జంకుతాయి.

270 ఏళ్లుగా ఒకటే పద్ధతి

ఇంగ్లండ్‌కి చెందిన థామస్ మడ్జ్ 18వ శతాబ్దం మధ్యలో లివర్ ఎస్కేప్‌మెంట్‌ని కనిపెట్టాడు. ఆ తర్వాత మెరుగులు దిద్దుకుని అదే స్విస్ లివర్ అయింది. ఇవాళ మీరు ఏ మెకానికల్ వాచీ వెనక మూత తీసినా, పది వేల రూపాయలదైనా పది లక్షలదైనా, దాదాపుగా కనిపించేది ఇదే. ఒక పళ్ల చక్రం, దాన్ని ఆపి వదిలే లంగరు ఆకారపు చిన్న లివర్, ఆ లివర్ కొసలకి రెండు ఎర్రటి కెంపు రాళ్లు. పాత వాచీల డయల్ మీద '17 జ్యుయెల్స్' అని రాసి ఉండేది గుర్తుందా? ఆ లెక్కలో ఈ రెండు రాళ్లు కూడా ఉంటాయి.

ఇది మొండి మెషిన్. చేయి ఎక్కడన్నా తగిలినా, కుదుపొచ్చినా మళ్లీ సర్దుకుని నడుస్తుంది. ఇన్నాళ్లు బతికింది అందుకే. లోపం ఎక్కడుందంటే.. చక్రం పన్ను కెంపు రాయి మీద రాసుకుంటూ జారుతుంది. జారితే ఘర్షణ, ఘర్షణ ఉంటే నూనె. ఆ నూనె కాలం గడిచేకొద్దీ చిక్కబడుతుంది, ఎండిపోతుంది. అప్పుడు వాచీ బద్ధకిస్తుంది. రిపేరు షాపతను "ఆయిలింగ్ చెయ్యాలండీ" అనేది దీని గురించే. పైగా ఎస్కేప్‌మెంట్ దాకా వచ్చిన శక్తిలో సగానికి పైగా అక్కడే వృథా అయిపోతుంది.

ఈ రాపిడిని తప్పించాలని మహామహులు ప్రయత్నించారు. పారిస్‌లో పనిచేసిన అబ్రహాం-లూయీ బ్రెగే 18వ శతాబ్దం చివర్లోనే 'నేచురల్ ఎస్కేప్‌మెంట్' అని ఒకటి చేశాడు. ఒక చక్రం బదులు ఒకదానితో ఒకటి పళ్లు కలిపిన రెండు చక్రాలు పెట్టాడు. బ్యాలెన్స్ వీల్ అటు ఊగితే ఒకటి, ఇటు ఊగితే రెండోది తోస్తుంది. జారుడు లేదు కాబట్టి నూనె అక్కర్లేదు. ఆలోచన అద్భుతం. కానీ అప్పటి లోహపు చక్రాలు బరువు, పళ్ల మధ్య సందు ఎక్కువ. ఆ బరువుని ప్రతిసారీ ఆపి మళ్లీ కదిలించడానికే శక్తంతా పోయేది. చేతికి అందలేదు.

రెండు వందల ఏళ్ల తర్వాత బ్రిటన్‌కే చెందిన జార్జ్ డేనియల్స్ కో-యాక్సియల్ అనే వేరే దారి కనిపెట్టాడు. స్విస్ కంపెనీల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగితే చివరికి ఒమెగా తీసుకుంది. 1999లో మార్కెట్లోకి తెచ్చింది. పెద్ద సంఖ్యలో తయారయ్యే వాచీల్లో స్విస్ లివర్‌కి గట్టి పోటీ ఇచ్చింది అదొక్కటే అనుకోవచ్చు. మరి రోలెక్స్? అది తనకు బాగా తెలిసిన లివర్‌నే చెక్కుకుంటూ కూర్చుంది. 2015లో క్రోనర్జీ పేరుతో దాన్నే సానబెట్టి 15 శాతం మెరుగైందని చెప్పింది. అంతకుమించి కదల్లేదు.

అందుకే ఏప్రిల్ 1 ప్రకటన వాచీ ప్రియులకు షాక్. ఏడాదికి పది లక్షలకు పైగా వాచీలు చేస్తుందని అంచనాలున్న కంపెనీ, మార్పంటే వంద సార్లు ఆలోచించే కంపెనీ, ఏకంగా ఎస్కేప్‌మెంట్ మార్చేసింది!

డైనాపల్స్‌లో ఏముంది?

సూత్రం బ్రెగే వేసిన బాటకి దగ్గరగా ఉంటుంది. పళ్లు కలిపిన రెండు చక్రాలు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. వాటి మధ్య ఊగే చిన్న తులాదండం లాంటి ముక్క, ఇంపల్స్ రాకర్, ఒకసారి ఈ చక్రం నుంచి, ఇంకోసారి ఆ చక్రం నుంచి తోపు అందుకుని బ్యాలెన్స్ వీల్‌కి చేరవేస్తుంది. బ్రెగే దగ్గర చక్రాలే నేరుగా తోసేవి. ఇక్కడ మధ్యవర్తి ఉన్నాడన్నమాట. ఇందులో పళ్లు రాసుకుంటూ జారవు, దొర్లినట్టు కదులుతాయి. బియ్యం బస్తాను నేల మీద ఈడ్వడానికీ, నీళ్ల డ్రమ్మును దొర్లించుకుంటూ పోవడానికీ ఎంత తేడా ఉంటుందో ఊహించుకోండి.

మరి బ్రెగేకి కుదరనిది ఇప్పుడెలా కుదిరింది? సమాధానం సిలికాన్. కంప్యూటర్ చిప్‌లు చేసే పదార్థమే. ఆ చక్రాల్ని లేత్ మీద కొయ్యరు. చిప్‌ల తయారీ తరహాలోనే సిలికాన్ పలక నుంచి చెక్కి తీస్తారు. ఉక్కు కంటే బాగా తేలిక, నునుపు, అయస్కాంతం అంటదు. ఫోన్లు, స్పీకర్లు, హ్యాండ్‌బ్యాగ్ క్లిప్పులు అన్నింట్లో అయస్కాంతాలున్న ఈ రోజుల్లో ఆ చివరిది చిన్న విషయం కాదు. లోపలి సన్నని హెయిర్‌స్ప్రింగ్ కూడా సిలికానే. బ్యాలెన్స్ వీల్ ఇరుసును సిరామిక్‌తో చేశారు.

ఫలితం? పాత లివర్ కంటే శక్తి వాడకంలో 30 శాతం మెరుగని రోలెక్స్ చెబుతోంది. అలా మిగిలిన శక్తిని వేగానికి ఖర్చు పెట్టింది. మామూలు రోలెక్స్ గంటకి 28,800 సార్లు, అంటే సెకనుకు 8 సార్లు కొట్టుకుంటుంది. ఇది 36,000 సార్లు, సెకనుకు 10. రోజు మొత్తానికి చూస్తే 6,91,200 టిక్కుల స్థానంలో 8,64,000. వేగంగా ఊగే చక్రాన్ని చేతి కుదుపు అంత తేలిగ్గా చెడగొట్టలేదు కాబట్టి టైమ్ నిలకడగా ఉంటుంది. ఇంత వేగంలోనూ ఒకసారి నిండా చుట్టుకుంటే 66 గంటలు నడుస్తుంది. శుక్రవారం రాత్రి తీసి బీరువాలో పెట్టి సోమవారం పొద్దున తీసినా నడుస్తూనే ఉంటుంది. వాచీ మొత్తం మందం 9.7 మిల్లీమీటర్లే.

ఈ వాచీ కోసం 32 పేటెంట్ దరఖాస్తులు వేశామని, అందులో 18 పూర్తిగా దీనికే సొంతమని కంపెనీ ప్రకటించింది. పేటెంట్ల సంఖ్యను గొప్పగా చెప్పుకోవడం ప్రతి కంపెనీకీ అలవాటే కాబట్టి దాన్ని కొంచెం తగ్గించి చూడొచ్చు. కానీ ఆ రెండు చక్రాల సంగతి మాత్రం నిజంగానే పెద్ద విషయం.

మెచ్చుకున్నవాళ్లు ఏమంటున్నారు?

వాళ్ల వాదన సూటిగా ఉంది. నేచురల్ ఎస్కేప్‌మెంట్ బాటలో ఎఫ్.పి.జర్న్, కారి వూటిలైనెన్, లారెంట్ ఫెరియర్ లాంటి తయారీదారులు ఇదివరకే వాచీలు చేశారు. అయితే వాళ్లవి చిన్న కార్ఖానాలు. నిపుణుడు ఒక్కో వాచీ ముందు కూర్చుని గంటల తరబడి సర్దితే తప్ప అవి నడవవు. అదే సూత్రాన్ని ఫ్యాక్టరీలో వేల సంఖ్యలో చేసి, రోజుకి రెండు సెకన్లకు మించి అటూ ఇటూ పోదని హామీ ఇవ్వడం వేరే సంగతి. ఇంట్లో అమ్మ నలుగురికి బిర్యానీ వండటం ఒకటి, అదే రుచి పెళ్లిలో రెండు వేల మందికి దించడం ఇంకొకటి.

రోజుకి రెండు సెకన్లు అంటే ఎంతో తెలుసా? 86,400 సెకన్లలో రెండు. సెల్ లేదు, చిప్ లేదు, మొత్తం స్ప్రింగులు, పళ్ల చక్రాలే. ఆ లెక్కన చూస్తే మురిసిపోవడంలో తప్పులేదు.

ఇంకో వర్గం వెనక మూతను చూసి సంబరపడింది. రోలెక్స్ ఎన్నో దశాబ్దాలుగా మెషిన్ కనిపించకుండా లోహపు మూత వేసేది. ల్యాండ్-డ్వెల్లర్‌కి అద్దం పెట్టింది. దాచుకోవాల్సిన పని లేదనుకుందేమో మరి.

మరి పెదవి విరిచినవాళ్లు?

ముందు పైపై విమర్శలు చెప్పుకుందాం, అవి త్వరగా అయిపోతాయి. పేరు బాలేదన్నారు. సీ-డ్వెల్లర్, స్కై-డ్వెల్లర్ తర్వాత ఇక నేల మీదకి దిగారా అని జోకులేశారు. తేనెపట్టు గడుల డయల్ కొందరికి నచ్చలేదు. కేసుకి చైన్ అతుక్కుపోయినట్టుండే డిజైన్ 1972 నాటి ఆడెమార్ పిగే రాయల్ ఓక్‌ని గుర్తు చేస్తోందన్నారు. దానికి రోలెక్స్ అభిమానుల జవాబు, "మా ఓయిస్టర్‌క్వార్ట్జ్ 1977లోనే ఇలా ఉంది" అని. టెన్నిస్ స్టార్ రోజర్ ఫెదరర్ చేతికి ఈ వాచీ లాంచ్‌కి ముందే ఫొటోల్లో కనిపించేయడంతో ఈ డయల్ పంచాయితీ అసలు ప్రకటన కంటే ముందే మొదలైపోయింది. మెషిన్ సంగతి చాలామంది ఆ తర్వాతే పట్టించుకున్నారు.

కాస్త లోతుగా చూసినవాళ్లు లెక్కలు తీశారు. రోలెక్స్ పాత 3235 మెషిన్ 70 గంటలు నడుస్తుంది, ఇది 66. మరి 30 శాతం ఆదా అన్నది ఎక్కడికి పోయింది? వేగానికీ, పలచదనానికీ పోయిందన్నది జవాబు. వేగం 8 నుంచి 10కి పెరిగితే ఖర్చు అమాంతం పెరుగుతుంది. కానీ సెకనుకు 10 టిక్కులు కొత్తేమీ కాదు. జెనిత్ ఎల్ ప్రిమెరో 1969లోనే ఆ వేగం అందుకుంది. గ్రాండ్ సీకో 2020లో తెచ్చిన 9ఎస్ఏ5 మెషిన్ అదే వేగంతో 80 గంటలు నడుస్తుంది, దాని ఎస్కేప్‌మెంట్ కూడా కొత్త తరహాదే. ఈ పోలిక తెచ్చినప్పుడు రోలెక్స్ అభిమానులు కాస్త తడబడతారు.

పైగా కొత్త మెషిన్ వాడిన రోలెక్స్ హామీ పాతదే. రోజుకి ప్లస్ ఆర్ మైనస్ రెండు సెకన్లు అని 2015 నుంచీ చెబుతోంది, ఇప్పుడూ అదే. కాగితం మీద కచ్చితత్వం ఒక్క సెకను కూడా మెరుగవలేదు. అదే జెనీవా ప్రదర్శనలో గ్రాండ్ సీకో ఏడాదికి ప్లస్ ఆర్ మైనస్ 20 సెకన్ల వాచీ చూపించింది. స్ప్రింగ్‌తోనే నడుస్తుంది కానీ వేగాన్ని క్వార్ట్జ్ స్ఫటికం అదుపు చేస్తుంది కాబట్టి అది పూర్తి మెకానికల్ కాదన్నది స్విస్ అభిమానుల అభ్యంతరం. ఇక వీధి చివర షాపులో దొరికే సెల్ వాచీతో పోటీ పెడితే రోలెక్స్ ఓడిపోయే అవకాశమే ఎక్కువ. కానీ మెకానికల్ వాచీ కొనేవాడికి ఆ పోలిక పట్టదు. కారున్నా గుర్రపు స్వారీ నేర్చుకునేవాడిని "బండి ఇంకా ఫాస్ట్ కదా" అని అడిగితే ఏం చెప్తాడు?

అసలు భయం రిపేరు గురించే

ఈ చర్చ మొత్తంలో బరువైన ప్రశ్న ఇదే, మిగతావి దీని ముందు తేలిపోతాయి. వాచీ రిపేరు చేసే స్వతంత్ర మెకానిక్‌లు ఈ మెషిన్‌ని చూసి ఎందుకు నొసలు చిట్లించారంటే..

లోహపు చక్రం పన్ను అరిగితే నిపుణుడు దాన్ని సానబెట్టగలడు, అవసరమైతే కొత్తది కోసుకోగలడు. హెయిర్‌స్ప్రింగ్ వంకరపోతే పట్టకారుతో సరిచేయగలడు. 1950ల నాటి వాచీలు ఇవాళ్టికీ నడుస్తున్నాయంటే కారణం ఆ చేతులే. సిలికాన్ అలా కాదు. అది వంగదు, విరుగుతుంది. విరిగితే గాజు ముక్కలా పోయినట్టే. అతకలేం, సానబెట్టలేం. కొత్త ముక్క కావాలి. అది ఒక్క కంపెనీ దగ్గరే ఉంటుంది, అధీకృత సర్వీస్ సెంటర్లకే వెళ్తుంది. సిలికాన్ తయారీకి కావాల్సిన యంత్రాలు కోఠీలోనో గవర్నర్‌పేటలోనో భూతద్దం కంటికి బిగించుకుని కూర్చునే మెకానిక్ దగ్గర ఎప్పటికీ ఉండవు.

కాబట్టి "మనవడికి ఇచ్చే వాచీ" అన్న మాటకి అర్థం మారిపోతోంది. 2085లో మనవడు దాన్ని తెరిచినప్పుడు ఆ సిలికాన్ చక్రం కంపెనీ ఇస్తుందా? ఇస్తుందనే నమ్మేవాళ్లకి గట్టి ఆధారమే ఉంది. రోలెక్స్ వందేళ్లు దాటిన కంపెనీ, దాని యాజమాన్యం వ్యవస్థాపకుడు హాన్స్ విల్స్‌డార్ఫ్ పేరిట ఉన్న ఫౌండేషన్ చేతిలో ఉంది, అమ్ముకుని వెళ్లిపోయే షేర్‌హోల్డర్లు లేరు. నమ్మనివాళ్లు అడిగేది వేరు. "ఇస్తారు సరే, ఎంతకిస్తారు? నాకు ఇంకో దారి ఉందా?" ఫోన్ స్క్రీన్ పగిలినా, ట్రాక్టర్ సాఫ్ట్‌వేర్ ఆగినా కంపెనీ గడప తొక్కక తప్పని పరిస్థితి మనకి తెలిసిందే. ఆ కథ ఇప్పుడు చేతి గడియారం దాకా వచ్చిందన్నమాట. నా దృష్టిలో డయల్ మీద జరిగిన రచ్చలో పదో వంతైనా దీని మీద జరగాల్సింది.

రెండో భయం, మొదటి విడత మెషిన్ ఎలా ఉంటుందోనని. ఒమెగా కో-యాక్సియల్ అనుభవం చాలామందికి గుర్తుంది. గంటకి 28,800 వేగంతో మొదలుపెట్టి, సమస్యలు రావడంతో కొన్నేళ్లకి 25,200కి తగ్గించుకుంది. తర్వాత బాగా కుదురుకుంది కూడా. అందుకే పాత కొనుగోలుదారులు కొందరు "రెండు మూడేళ్లు ఆగుదాం, ముందు కొన్నవాళ్లు పరీక్షిస్తారు" అంటున్నారు. ఆగక తప్పదు కూడా లెండి. షోరూమ్‌కి వెళ్లి డబ్బులిచ్చి తెచ్చుకునే వస్తువు కాదిది, వెయిటింగ్ లిస్టులో పేరుండాలి. స్టీల్, వైట్ గోల్డ్ కలిపి చేసిన మోడల్ అమెరికాలో లాంచ్ నాటికి దాదాపు 15 వేల డాలర్లు. ఎవర్‌రోజ్ గోల్డ్, ప్లాటినం మోడళ్లు దానికి కొన్ని రెట్లు. చేతులు మారే మార్కెట్లో మాత్రం మొదటి నెలల్లోనే లిస్టు ధర కంటే చాలా ఎక్కువ పలికింది. అన్నట్టు, లాంచ్ అయిన మర్నాడే ట్రంప్ స్విస్ సరుకుల మీద 31 శాతం సుంకం ప్రకటించడంతో జెనీవాలో సగం మంది మెషిన్ సంగతి మర్చిపోయి ధరల లెక్కల్లో పడ్డారు.

మన దగ్గర కొనాలనుకునేవాళ్లకి ఒక ఊరట. స్విట్జర్లాండ్ సహా నాలుగు దేశాల ఎఫ్టా కూటమితో భారత్ చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద 20 శాతంగా ఉన్న కస్టమ్స్ సుంకం ఏడేళ్లలో దశలవారీగా తగ్గిపోతుంది. దుబాయ్ నుంచో అమెరికా నుంచో వచ్చే బంధువుల చేత తెప్పించుకునే అలవాటు దానివల్ల కొంత తగ్గొచ్చు. అలా తెప్పించుకునేవాళ్లు మాత్రం బిల్లు, గ్యారంటీ కార్డు జాగ్రత్తగా పెట్టుకోవాలి. పైన చెప్పిన కారణంతోనే, ఈ వాచీకి బయట రిపేరు లేదు.

రోలెక్స్ తన వాచీలకు అయిదేళ్ల అంతర్జాతీయ గ్యారంటీ ఇస్తుంది, దాదాపు పదేళ్లకోసారి సర్వీసింగ్ చేయించమంటుంది. ఆ లెక్కన మొదటి విడత ల్యాండ్-డ్వెల్లర్లకు గ్యారంటీ 2030లో తీరుతుంది. మామూలు సర్వీసింగ్ కోసం వెనక మూత తెరిచేది 2035 ప్రాంతంలో. ఆ రెండు సిలికాన్ చక్రాలు అప్పటికి ఎలా ఉన్నాయో చూసే మొదటి కళ్లు సర్వీస్ సెంటర్ వాళ్లవే.